రాలే బొచ్చా, రాలని బొచ్చా: ఒక ఇంటికి కుక్కను ఎంపిక చేసిన కేసు

గత ఆగస్టులో ఒక కుటుంబం కుక్క లేకుండా నా క్లినిక్‌కు వచ్చింది. మామూలుగా ఇలా జరగదు. కుక్కను కొని ఇంటికి తెచ్చుకున్నాక, దానికి దురద పట్టాకనో, ఇంట్లోవాళ్లకు తుమ్ములు పట్టుకున్నాకనో వస్తారు. కొనకముందే అడగడానికి వచ్చేవాళ్లను చూస్తే నాకు ముందు కాఫీ ఇప్పించాలనిపిస్తుంది. ఆ రోజు ఇప్పించాను. గంటన్నర కూర్చున్నాం.

హైదరాబాదులో మియాపూర్ వైపు ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తు వాళ్లది. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. తల్లి బ్యాంకులో చేస్తారు. కూతురు తొమ్మిదో తరగతి, కొడుకు మూడో తరగతి. నానమ్మగారికి డెబ్బై దాటాయి, పొద్దున్నే మడి కట్టుకుని వంట, పూజ ముగించే మనిషి. కొడుక్కి ఐదేళ్ల వయసు నుంచి ఉబ్బసం. చలికాలం వస్తే పిల్లికూతలు మొదలవుతాయి, ఇన్‌హేలర్ వాడతాడు. పిల్లికూతల వాడికి కుక్క కావాలట అని వాళ్ల అక్క నవ్వింది. వాడు నవ్వలేదు.

తండ్రి అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. "బొచ్చు రాలని కుక్క కావాలి డాక్టర్ గారూ. బొచ్చు రాలకపోతే వీడికి అలర్జీ రాదు, అమ్మకు ఇబ్బంది ఉండదు" అన్నారు. ఫోనులో ఒక లాబ్రడూడుల్ (లాబ్రడార్‌కూ ఉంగరాల బొచ్చు పూడుల్‌కూ పుట్టిన రకం) కూన ఫొటో చూపించారు. అరవై వేలు చెప్పారట. ఒక్క వెంట్రుక రాలినా వెనక్కి తీసుకుంటామన్నారట అమ్మేవాళ్లు. ఆ హామీ కాగితం మీద రాసిస్తారేమో అడగమన్నాను.

ఆయన చెప్పిన ఒక్క మాటలో మూడు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి: పిల్లవాడి ఊపిరి, నేల మీద వెంట్రుకలు, నానమ్మగారి మడి. మూడింటికీ ఒకే మందు అన్నాడు అమ్మేవాడు. నేను మొదట చేయవలసిన పని వాటిని విడదీయడం.

ఊపిరి సంగతి

అలర్జీ తెచ్చేవి కుక్క లాలాజలంలో, చర్మం నుంచి చుండ్రులా రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని కాన్ ఎఫ్ 1 అంటారు. కుక్క ఒళ్లు నాకుతుంది, నాకిన తడి ఆరుతుంది, ఆరినది పొట్టుతో కలిసి గాలిలో తేలుతుంది, సోఫాలో దిగబడుతుంది. వెంట్రుక దాన్ని మోసుకొచ్చేది మాత్రమే. బొచ్చు రాలని కుక్కకూ నాలుక ఉంది, చర్మం ఉంది.

ఇది నా అభిప్రాయం కాదు. 2011లో అమెరికాలో ఒక్కో కుక్క ఉన్న 173 ఇళ్ల దుమ్మును పరీక్షించారు. అలర్జీ తేవని పేరున్న జాతుల ఇళ్లకూ మిగతా ఇళ్లకూ కాన్ ఎఫ్ 1లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులు ఒక అడుగు ముందుకు వేసి కుక్కల బొచ్చునే పరీక్షించారు. పూడుల్, లాబ్రడూడుల్ వంటి వాటి బొచ్చులో ఆ ప్రొటీను మిగతా జాతులకంటే ఎక్కువే కనిపించింది. ఇళ్లలోని గాలిలో మాత్రం తేడా లేదు. రాలని బొచ్చులో పొట్టు నిలవ ఉంటుందని అనుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

అసలు లాబ్రడూడుల్ కథే ఈ ఆశతో మొదలైంది. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కలను పెంచే సంస్థలో వాలీ కాన్రన్ అనే ఆయన పనిచేసేవారు. హవాయిలో ఉండే ఒక అంధురాలికి కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్క బొచ్చు పడదు. ఆయన లాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపించారు. ఆ ఈతలో మూడు కూనలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలను హవాయి పంపిస్తే ఆ భర్తకు పడినది ఒక్కటే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే రోజు పుట్టిన మూడింటిలో ఒకటి! ఆ తరువాత లోకమంతా మిగిలిన రెండింటినీ మరచిపోయి ఆ ఒక్కదాన్నే గుర్తు పెట్టుకుంది. తాను మొదలుపెట్టింది ఎక్కడికి దారి తీసిందో చూసి కాన్రన్ తరువాతి కాలంలో బాహాటంగానే బాధపడ్డారు.

నేను పశువైద్యుణ్ని. పిల్లవాడి ఊపిరి మీద తీర్పు నా పని కాదు. ముందు అలర్జీ డాక్టరును చూసి రమ్మన్నాను. రెండు వారాల తరువాత కాగితాలతో వచ్చారు. ముంజేతి మీద చేసిన పరీక్షలో దుమ్ములో ఉండే సూక్ష్మమైన పురుగులకు పెద్ద దద్దురు లేచింది. కుక్కకు చిన్నది. కుక్కను తెచ్చుకోవచ్చు గానీ పిల్లవాడి పడకగదిలోకి రానివ్వకూడదు, పరుపుకూ దిండ్లకూ పురుగులు దూరని గలీబులు వేయాలి, లక్షణాలు పెరిగితే వెంటనే రావాలి అని ఆ డాక్టరు రాశారు. ఇన్నాళ్లూ ఆ ఇంటి అసలు శత్రువు పరుపులోనే ఉంది, కుక్క ఇంకా గుమ్మమే తొక్కలేదు.

ఇంకో సంగతి కూడా వాళ్లకు చెప్పాను. కాన్ ఎఫ్ 5 అనే ప్రొటీను మగకుక్క ప్రొస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. కుక్కలు పడవనుకునేవారిలో కొందరికి పడనిది ఇది ఒక్కటే. అలాంటివారికి ఆడకుక్కతో గాని, వృషణాలు తీయించిన మగకుక్కతో గాని ఇబ్బంది తక్కువ. ఈ పిల్లవాడికి ఏ ప్రొటీను పడదో వాళ్లు చేయించిన పరీక్షలో తేలలేదు. అందుకే మిగతావన్నీ సమానమైతే ఆడదాన్నే తీసుకోండి అన్నాను. బొచ్చు రకాన్ని బట్టి ఎంచడం కంటే ఇందులో కొంచెం ఎక్కువ అర్థం ఉంది.

మూడు కుక్కలు

మొదటిది ఫొటోలోని లాబ్రడూడుల్. అమ్మేవాళ్ల దగ్గర దాని అమ్మానాన్నల ఫొటోలు కూడా ఉన్నాయి. రెండూ లాబ్రడార్, పూడుల్ కలిసి పుట్టిన మొదటి తరానివి. అంటే ఈ కూన రెండో తరం. నేను కూన మూతి దగ్గరి ఫొటో పెద్దది చేసి చూశాను. మీసం లేదు, గడ్డం లేదు, కళ్ల మీద కుచ్చు కనుబొమలు లేవు, ముఖమంతా నున్నగా ఉంది.

ఈ మీసం గడ్డం చాలా చెబుతాయి. 2009లో జన్యు శాస్త్రవేత్తలు కుక్కల బొచ్చులోని వైవిధ్యంలో చాలా భాగం మూడే మూడు జన్యువుల మీద నడుస్తోందని తేల్చారు: ఒకటి పొడవుకు, ఒకటి ఉంగరాలకు, ఒకటి మీసగడ్డాలకు. మీసగడ్డాలు తెచ్చే ఆ మూడోదే బొచ్చు తక్కువ రాలడానికీ చాలావరకు కారణం. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, అది పైకి కనిపిస్తుంది. పూడుల్‌కు అది రెండు పాళ్లూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఉంటుంది, లాబ్రడార్‌కు ఉండదు. కాబట్టి మొదటి తరం కూనలన్నిటికీ గడ్డాలు వస్తాయి. ఆ మొదటి తరాన్ని మళ్లీ వాటిలో వాటికే కలిపితే నాలుగింట ఒకదానికి ఒక్క పాలు కూడా అందదు. ఆ కూనకు పేరు లాబ్రడూడులే, రాలడం మాత్రం లాబ్రడార్‌దే. అరవై వేల కూన ఆ నాలుగోది. అమ్మేవాడికి ఇది తెలిసి చెప్పలేదో, తెలియకే చెప్పలేదో నేను అనలేను.

గడ్డం ఉన్న కూన అయినా మూడు నెలల వయసులో హామీ ఇవ్వడం కష్టం. అప్పుడున్నది పసిబొచ్చు. ఆరేడు నెలల తరువాత అది పోయి పెద్దబొచ్చు వస్తుంది, ఏది ఎంత రాలుతుందో అప్పుడు గాని తెలియదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నప్పుడు, మడి ఉన్నప్పుడు, పెద్దదైన కుక్కనే తీసుకోండి అంటాను. కళ్ల ముందున్నదే కొంటున్నాం కదా.

అలా ఇంకో రెండు కుక్కలు వచ్చాయి. ఒకటి రెండేళ్ల షిట్జూ, పూడుల్ కలిసిన మగకుక్క. దాని యజమానులు అమెరికా వెళ్లిపోతూ మంచి ఇల్లు చూడమని నన్నే అడిగారు. నిజంగానే బొచ్చు రాలని రకం. రెండోది ఏడాది దాటిన ఆడకుక్క, లాబ్రడార్‌కూ మన ఊరకుక్కకూ పుట్టినది. పక్క కాలనీ వాచ్‌మన్ కుటుంబం వానలో దొరికిన కూనను తెచ్చి పెంచింది, వాళ్లు ఊరికి తిరిగి వెళ్లిపోతున్నారు. గోధుమరంగు, పొట్టి బొచ్చు, ఆ కింద మెత్తటి లోబొచ్చు. పిల్లలు ఈ ఆడకుక్కకు ఎర్రది, ఆ మగకుక్కకు తెల్లది అని పేర్లు పెట్టేశారు, ఆ పేర్లే నేనూ వాడతాను.

తెల్ల దుప్పటి

రెండింటినీ ఒకే రోజు పిలిపించాను. నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, ఒక్కోదాన్నీ ఐదు నిమిషాలు ఒకే రబ్బరు బ్రష్‌తో దువ్వాను. తరువాత దుప్పటి దులిపి, వచ్చిందంతా మందులు తూచే చిన్న త్రాసులో వేశాను. ఎర్రదానిది 9 గ్రాములు తూగింది. తెల్లదానిది త్రాసు ముల్లును కదపలేదు.

తండ్రి మొహం వెలిగింది. అప్పుడు స్టీలు దువ్వెన ఆయన చేతికిచ్చి, తెల్లదాని చెవి వెనక దువ్వి చూడమన్నాను. పైన మెత్తగా జారింది. కుదుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. వేళ్లతో విడదీసి చూపించాను: బఠాణీ గింజంత ముడి, దాని పక్కనే ఇంకొకటి, చంకలో వేరుశనగ కాయంతది. ఆ యజమానులు శ్రద్ధగల మనుషులే, ప్రయాణం హడావుడిలో రెండు వారాలు దువ్వడం మానేశారు, అంతే.

వెంట్రుక ప్రతి కుక్కకూ పుడుతుంది, పెరుగుతుంది, కొంతకాలం ఆగుతుంది, ఊడుతుంది. ఎర్రదాని వెంట్రుక కొద్దిగా పెరిగి ఆగిపోతుంది, ఊడి నేల మీద పడుతుంది. తెల్లదానిది పెరుగుతూనే ఉంటుంది, ఊడిన కొద్దిపాటిది కూడా పక్క ఉంగరాల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. ఎర్రదైతే చీపురు పట్టాలి, తెల్లదైతే దువ్వెన పట్టాలి. చీపురు పని ఒకరోజు మానేస్తే ఇల్లు బాగుండదు. దువ్వెన పని నెల మానేస్తే కుక్క ఒళ్లు చెడుతుంది.

ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఇలాంటి ఇంకో కుటుంబానికి, ఇద్దరూ ఉద్యోగస్తులే, బొచ్చు రాలదు కాబట్టి మీకు సులువని ఇలాంటి బొచ్చుకుక్కనే నేను చెప్పాను. సెప్టెంబరులో అది నా బల్ల మీదకు వచ్చింది. వానలకు తడిసి, ఆరక, బొచ్చంతా అట్టకట్టింది. క్లిప్పరు పెడితే బొచ్చు బొచ్చులా రాలేదు, గొర్రె ఉన్ని కంబళి ముక్కలా ఒకే పలకగా లేచి వచ్చింది. కింద చర్మం ఎర్రగా చెమ్మగా ఉంది, పుల్లటి వాసన. వేళ్ల సందుల్లో, చెవి మడతల్లో పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. చిగుళ్లు తెల్లబడి ఉన్నాయి. రక్తపరీక్షలో పిడుదుల వల్ల సోకే ఎర్లిషియా అనే సూక్ష్మజీవి తేలింది. ఈ పిడుదుల జ్వరం మన ఊళ్లలో ఏడాది పొడవునా చూస్తాం, పొట్టిబొచ్చు కుక్కకైతే పిడుదు చేతికి తగులుతుంది, అట్టకట్టిన బొచ్చులో ఎవరికీ కనబడదు. కుక్క బతికింది. ఆ రోజు నుంచి బొచ్చు రాలదు అన్న మాటకు ముందు దువ్వేది ఎవరని అడగడం అలవాటైంది.

ఈ కుటుంబాన్నీ అడిగాను. తల్లీ తండ్రీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజూ పదిహేను నిమిషాలు కుదుళ్ల దాకా దువ్వడం, ఐదారు వారాలకోసారి కత్తిరింపు, పదిహేనేళ్ల పాటు. తల్లి లెక్క వేసి, "నా జుట్టే నేను ఆదివారం తప్ప సరిగ్గా దువ్వుకోను" అన్నారు. ఇంతకంటే మంచి సమాచారం నాకు ఏ పరీక్షలోనూ రాదు.

ఆదివారాలు

ఇంకా తేల్చుకోవలసింది పిల్లవాడి ఒళ్లు. అలర్జీ డాక్టరును అడిగి, ఆయన సరేనన్నాక, నాలుగు ఆదివారాలు రెండు కుక్కల దగ్గరికీ వెళ్లి రమ్మన్నాను. రెండు ఆదివారాలు ఎర్రది, రెండు తెల్లది, ఒక్కోసారి రెండేసి గంటలు. ఇన్‌హేలర్ జేబులో, అమ్మ పక్కన. కళ్లు, ముక్కు, చర్మం, ఊపిరి, ఆ రాత్రి నిద్ర: ఇవన్నీ అక్క నోటుబుక్కులో రాయాలి. ఆ అమ్మాయి నా దగ్గర పనిచేసే కొందరికంటే బాగా రాసింది.

తెల్లది నాకిన చోటల్లా రెండుసార్లూ ముంజేతి మీద దద్దుర్లు లేచాయి, కళ్లు దురద పెట్టాయి. ఎర్రదాని దగ్గర మొదటి రోజు నాలుగు తుమ్ములు, రెండో రోజు ఏమీ లేదు. నాలుగు ఆదివారాలతో ఏదీ రుజువు కాదు. కుక్కకూ కుక్కకూ తేడా, రోజుకూ రోజుకూ తేడా, మగదీ ఆడదీ తేడా, ఇన్ని కలిసి ఉన్నాయి. కానీ ఫొటో చూసి కొనడం కంటే ఇది నయం. బొచ్చు రాలని కుక్కే ఈ పిల్లవాడికి ఎక్కువ పడలేదు.

మిగిలింది నానమ్మగారు. ఆమె అభ్యంతరం చిన్నదేమీ కాదు. "పప్పులో వెంట్రుక కనిపిస్తే నేనిక ఆ పూట తినను బాబూ" అన్నారు. నేను వంటింటికీ పూజగదికీ నడుమెత్తు గేటు పెట్టించమని చెప్పాను. ఆమె ఒప్పుకున్నారు గానీ మడిబట్టల సంగతి నాకు తోచలేదు. దారి ఆమే చెప్పారు. వాళ్ల ఊరి ఇంట్లో మడిబట్టలు ఎవరికీ తగలకుండా చూరు దగ్గర ఎత్తైన దండెం మీద కర్రతో ఆరేసేవారట. బాల్కనీ పైకప్పుకు అలాంటి దండెం కట్టించమని కొడుకుతో అన్నారు. ఆరినవి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకుంటానన్నారు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేని సలహా ఇది.

దసరా ముందు వారం ఎర్రది ఆ ఇంటికి వెళ్లింది. అంతకుముందే రక్తపరీక్ష, పిడుదులకు మందు, టీకాలు, గర్భసంచి తీసే ఆపరేషను అయ్యాయి. దువ్వడం మూడు రోజులకోసారి, బాల్కనీలో, అక్క పని. తమ్ముడు ఆ వేళ లోపల ఉండాలి. స్నానం పది రోజులకోసారి. స్నానం చేయిస్తే ఒంటి మీది అలర్జీ ప్రొటీను తగ్గుతుంది గానీ కొన్ని రోజుల్లోనే మళ్లీ పేరుకుంటుంది. అలాగని మరీ తరచుగా చేయిస్తే చర్మం పొడిబారి పొట్టు ఇంకా రాలుతుందని నా భయం. పది రోజులు అనేది ఈ రెంటి మధ్య నేను వేసిన అంచనా. బొచ్చు ఎక్కువైందని గొరిగించవద్దని గట్టిగా చెప్పాను. లోబొచ్చు ఉన్న కుక్కను గొరిగితే కొన్నిసార్లు తిరిగి సరిగ్గా మొలవదు.

తరువాత

నవంబరు, డిసెంబరు నెలల్లో పిల్లవాడికి రెండుసార్లు పిల్లికూతలు వచ్చాయి. ముందటి చలికాలంలో నాలుగుసార్లు వచ్చాయట. కుక్క వల్ల తగ్గిందని నేను రాయను. పరుపు గలీబులు వేసింది కూడా ఆ దసరాకే, తివాచీ తీసేసిందీ అప్పుడే. పెరగలేదు అన్నంతవరకే నేను చెప్పగలను. ఇన్‌హేలరు లెక్క వాళ్ల డాక్టరు చూసుకుంటున్నారు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. దానితోపాటు ఎర్రదాని లోబొచ్చూ పోవడం మొదలైంది. మార్చి మొదటి వారంలో తండ్రి ఫోను చేశారు. గొంతులో కోపం లేదు గానీ అలసట ఉంది. "మీరు చెప్పింది తొమ్మిది గ్రాములండీ. ఇక్కడ సంచులు నిండుతున్నాయి." తప్పు నాదే. ఆగస్టు నాటి దుప్పటి పరీక్షతో ఏడాది లెక్క చెప్పినట్టు మాట్లాడాను, సీజను వస్తే అది అనేక రెట్లవుతుందని నొక్కి చెప్పలేదు. వాషింగ్ మెషీను సంగతి అసలే చెప్పలేదు. దాని నీళ్లు పోయే గొట్టంలో బొచ్చు ఇరుక్కుని స్నానాల గదంతా నీళ్లయ్యాయి. బట్టలు మెషీనులో వేయకముందే పొడిగా దులపాలి, మెషీనులోని జల్లెడ వారానికోసారి తీసి కడగాలి, ఏసీ జల్లెడ కూడా అంతే. ఇప్పుడివన్నీ నేను కొత్తవాళ్లకు ఇచ్చే కాగితంలో ఉన్నాయి. ఆ ఐదారు వారాలూ రోజూ దువ్వమన్నాను.

ఏప్రిల్‌లో టీకా కోసం వాళ్లింటికే వెళ్లాను. బాల్కనీలో పైన దండెం మీద మడిచీర, కింద పాత దుప్పటి మీద ఎర్రది కాళ్లు చాపి పడుకుని ఉంది. అక్క దువ్వుతోంది. నానమ్మగారు గేటుకు అవతల కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుక్కను ముట్టుకోరు, అది ఆమె నియమం. "తొడ కింద వదిలేశావే, అక్కడే చుట్టలు చుట్టుకుని ఉంది చూడు" అంటున్నారు. నాకు కాఫీ ఇచ్చారు. కప్పును ఒకసారి వెలుతురుకు పట్టి చూసి తాగాను. ఆమె అది గమనించి, "లేదులే బాబూ, నేను చూశాకే ఇచ్చాను" అన్నారు.

తెల్లది సైనిక్‌పురిలో పదవీ విరమణ చేసిన ఒక దంపతుల దగ్గరుంది. వాళ్ల పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఆయన రోజూ సాయంత్రం వార్తలు చూస్తూ దాన్ని ఒళ్లో పెట్టుకుని దువ్వుతారు. నిన్న కత్తిరింపుకు తీసుకొచ్చారు. చెవి వెనక, చంకల్లో వేళ్లు పెట్టి చూశాను. ఎక్కడా ముడి తగల్లేదు.